బిర్కాలో చేపల లెక్క

కువైట్‌లో నది లేదు. ఏడాది పొడవునా పారే వాగు కూడా లేదు. వాన సంవత్సరమంతా కలిపి సగటున 12 సెంటీమీటర్లు దాటదు. అలాంటి దేశానికి దక్షిణపు కొసన, సౌదీ సరిహద్దుకు దగ్గరగా ఉన్న వఫ్రాలో చేపలు పెంచేవాళ్ల పెద్ద తలనొప్పి ఏమిటంటే, చేపలు మరీ ఎక్కువ కావడం.

వఫ్రా పేరు చెప్పగానే చాలామందికి నూనె బావులు గుర్తొస్తాయి. 1953లో ఇక్కడ చమురు పడింది. అప్పట్లో ఈ ప్రాంతం కువైట్‌కూ సౌదీకీ ఉమ్మడిగా ఉన్న తటస్థ మండలంలో భాగం. అయితే కువైట్‌లో ఉండేవాళ్లకు వఫ్రా అంటే కూరగాయలు. ఉత్తరాన అబ్దలి, దక్షిణాన వఫ్రా: దేశంలో పంట పండే ముఖ్యమైన చోట్లు ఈ రెండే. టమాటా, దోస, వంకాయ, ఖర్జూరం, పశువుల మేతకు వేసే జత్తు గడ్డి, గొర్రెల దొడ్లు, కోళ్ల షెడ్లు అన్నీ ఇక్కడ మజ్రాల్లో, అంటే సాగు క్షేత్రాల్లో, ఉంటాయి. కువైట్‌కు పనికి వెళ్లే తెలుగువాళ్లలో రాయలసీమ, గోదావరి జిల్లాల వాళ్లు ఎక్కువ. మజ్రాల్లో నీళ్లు పెట్టే పనిలోనూ వాళ్లు కనిపిస్తారు.

నీళ్లు పెట్టడమంటే ఇక్కడ ముందు నీళ్లు నిలవ చేయడం. బోరు నీరు నేరుగా పొలానికి వెళ్లదు, బిర్కాలోకి చేరుతుంది. బిర్కా అంటే సిమెంటు తొట్టి, లేదా ప్లాస్టిక్ పట్టా పరిచిన గుంట. అక్కడినుంచి మోటారు, పైపులు, డ్రిప్పు గొట్టాలు. ఎలాగూ నీళ్లు నిలిచి ఉన్నాయి కాబట్టి అందులో నాలుగు చేప పిల్లలు వదిలితే ఏం పోయింది అన్న ఆలోచన రైతుకు రావడం సహజం. వఫ్రా, అబ్దలి మజ్రాల్లో తిలాపియా పెంపకం అలా పంటకు తోడుగా నిలదొక్కుకుంది. కువైట్ బజారులో దాన్ని బుల్తీ అంటారు. మన దగ్గర చాలాచోట్ల జిలేబి చేప అనే పేరుతో అమ్ముడుపోయేది ఈ జాతే, లేదా దీని దాయాది.

ఆ నాలుగు పిల్లలే తర్వాత కథంతా నడుపుతాయి.

హైదరాబాద్‌తో పోల్చితే తేడా బాగా తెలుస్తుంది. హుస్సేన్‌సాగర్ 1560ల నాటిది, గండిపేట దగ్గరి ఉస్మాన్‌సాగర్ 1920 నాటిది, హిమాయత్‌సాగర్ 1927 నాటిది. ఇలాంటి జలాశయాల్లో మనవాళ్లకు ప్రీతిపాత్రమైన బొచ్చె, రోహు, మృగాల చక్కగా పెరుగుతాయి, కానీ నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి వరద కావాలి, పారే నీరు కావాలి, ఏటి ఒడ్డున కొత్తగా మునిగిన నేల కావాలి. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి బృందం చేప మెదడు కింది పీయూష గ్రంథి రసాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి ఈ జాతి చేపలతో గుడ్లు పెట్టించింది. ఆ రోజునే ఇప్పుడు దేశమంతా చేపల రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ పద్ధతి వచ్చాకే హేచరీలు పుట్టాయి. ఏటా వానాకాలంలో చెరువుల్లోకి పిల్లల్ని తెచ్చి వదలడం, వాటినే పట్టుకోవడం, మళ్లీ వదలడం ఆనవాయితీ అయింది. తెలంగాణ ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన ఉచిత చేప పిల్లల పంపిణీకి కారణం కూడా ఇదే: వదిలినవి వదిలినన్నే ఉంటాయి, వాటి సంఖ్య దానంతటదే పెరగదు.

అంటే హైదరాబాద్ జలాశయం నిర్వాహకుడు చేపల్ని కూడబెట్టాలి. వఫ్రా బిర్కా యజమాని ఆపాలి.

తిలాపియా ఆడచేప గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. మగచేప అడుగున గుంత తవ్వి దాన్ని పిలుస్తుంది. ఇసుక లేకపోతే సిమెంటు నేల మీదే కాస్త జాగా శుభ్రం చేసుకుంటుంది. గుడ్లు ఫలదీకరణ కాగానే తల్లి వాటిని నోట్లోకి తీసుకుంటుంది. వెచ్చటి నీటిలో నాలుగైదు రోజుల్లో పిల్లలవుతాయి. పచ్చసొన సంచి కరిగేదాకా మరికొన్ని రోజులు అవి తల్లి నోట్లోనే ఉంటాయి. బయటికి వచ్చాక కూడా ఏదైనా నీడ కదిలితే పరుగెత్తి మళ్లీ నోట్లో దూరతాయి. ఇన్నాళ్లూ తల్లికి తిండి ఉండదు. ఆడవి చిన్నగా, మగవి పెద్దగా ఉండడానికి ఇదొక కారణం. ఒక్కో ఈతకు గుడ్లు కొన్ని వందలే, బొచ్చె లక్షల్లో పెట్టే గుడ్లతో పోలిస్తే చాలా తక్కువ. కానీ కాపలా ఉంది కాబట్టి బతికే పిల్లలు ఎక్కువ. పైగా నీళ్లు వెచ్చగా ఉంటే నాలుగు నుంచి ఆరు వారాలకోసారి ఈ తంతు మళ్లీ మొదలు. వఫ్రాలో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా నీళ్లు వెచ్చగానే ఉంటాయి.

లెక్క వేసి చూద్దాం. ఒక బిర్కాలో 1,000 పిల్లలు వేశారనుకుందాం. అందులో సగం ఆడవి. ఐదారు నెలలకు అవి ఈడుకొస్తాయి. ఒక్కో తల్లి మొదటి ఈతలో వంద పిల్లలే దక్కాయనుకున్నా 50,000 కొత్త నోళ్లు. వేసే దాణా మారలేదు, నీళ్లు మారలేదు, గాలి మారలేదు. ఒక తొట్టి మోయగల చేపల బరువుకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు 500 కిలోలు అనుకుంటే, అది అరకిలో చేపలు వెయ్యి కావచ్చు, 25 గ్రాముల చేపలు ఇరవై వేలు కావచ్చు. కాటా మీద రెండూ ఒకటే. బజారులో మొదటిదానికి ధర ఉంది, రెండోదాన్ని ఎవరూ కొనరు.

చేప ఇంకో ఎత్తు కూడా వేస్తుంది. ఇరుకు ఎక్కువైతే తిలాపియా పెరగడం మానేసి త్వరగా ఈడుకొస్తుంది. వేలెడంత ఉండగానే గుడ్లు పెడుతుంది. ప్రకృతిలో ఎండిపోయే గుంటల్లో బతికిన జాతికి ఆ తెలివి అవసరమైంది. బిర్కాలో అది రైతు కొంప ముంచుతుంది. చేపల శాస్త్రవేత్తలు దీన్ని గిడసబారడం అంటారు. ఈ గుణం వల్లే తిలాపియాకు మన దేశంలో చెడ్డపేరు వచ్చింది. మొజాంబిక్ తిలాపియాను 1952లో భారత్‌కు తెచ్చారు. తమిళనాడు జలాశయాల్లో వదిలితే చాలాచోట్ల చిన్న చేపల మందలై మిగతా జాతుల తిండికి అడ్డుపడ్డాయి. 1959 నాటికే దాని విస్తరణకు అడ్డుకట్ట వేయాలని నిర్ణయించారు. కానీ చేప ఉత్తర్వులు చదవదు కదా, కృష్ణా గోదావరి నీళ్లలోకీ వచ్చేసింది.

ఈ ఒక్క విషయంలో వఫ్రాకు అదృష్టం ఉంది. బిర్కా నుంచి తప్పించుకున్న చేప వెళ్లడానికి చోటు లేదు. గట్టు దాటితే ఇసుక. ఆంధ్రప్రదేశ్‌లో తిలాపియా చెరువుకు అనుమతి కావాలంటే తూములకు జాలీలు కట్టాలి, వరద వస్తే పిల్ల బయటికి పోదని చూపించాలి. వఫ్రాలో ఆ పని ఎడారి చేస్తుంది. కువైట్‌కు ఉత్తరాన ఇరాక్ చిత్తడి నేలల్లో ఈ శతాబ్దంలో తిలాపియా జాతులు పాతుకుపోయిన తీరు చూస్తే, నది లేకపోవడం ఎంత పెద్ద కాపలానో అర్థమవుతుంది.

మరి బిర్కా లోపల పుట్టుకను ఆపేదెలా? అన్నిటికన్నా పాత పద్ధతి చేత్తో ఏరడం. చేప అరచేతిలో పట్టేంత అయ్యాక పొట్ట కింద రంధ్రాలు చూసి మగదో ఆడదో చెప్పవచ్చు. అలవాటైన చేయి చకచకా చెబుతుంది, కానీ వందలో నాలుగైదు తప్పులు దొర్లినా చాలు, మళ్లీ మొదటికే. వలపంజరంలో పెంచితే గుడ్లు వల కళ్లలోంచి జారి అడుగుకు పోతాయి, తల్లి అందుకోలేదు. వేటాడే చేపను తోడు వదలడం ఇంకో దారి. ఆఫ్రికాలో వాలుగ జాతుల్ని, ఆసియాలో కొరమీనును అలా వాడారు. తెలంగాణ రాష్ట్ర చేపగా గౌరవం పొందిన కొరమీను తిలాపియా పిల్లల్ని ఇష్టంగా తింటుంది. అయితే పరాయి వేటచేపను కొత్త దేశానికి తేవడమంటే ఒక తలనొప్పికి ఇంకో తలనొప్పిని మందుగా వేయడమే.

వ్యాపారంగా పెంచేచోట ఎక్కువగా నడిచేది హార్మోను పద్ధతి. తిలాపియా పిల్ల పుట్టినప్పుడు దాని లింగం ఇంకా గట్టిపడి ఉండదు. తిండి తినడం మొదలుపెట్టిన తొలి మూడు నాలుగు వారాలు దాణాలో మిథైల్ టెస్టోస్టెరాన్ కలిపి పెడితే దాదాపు అన్నీ మగవై పెరుగుతాయి. ఆ తర్వాత నెలల తరబడి మామూలు దాణాయే. హార్మోను మాట వినగానే కొనేవాళ్లు వెనకాడతారని, హేచరీ నీళ్లు బయటికి పోతే ఇబ్బంది అని వేరే దారులూ వెతికారు. బ్రిటన్‌లోని స్వాన్సీ, ఫిలిప్పీన్స్ పరిశోధకులు కలిసి రెండు వై క్రోమోజోములున్న మగచేపను తయారుచేశారు. దాని సంతానం హార్మోను లేకుండానే దాదాపు అంతా మగదే. వఫ్రా లాంటి చోటికి పనికొచ్చే సంగతి ఇంకొకటుంది: పిల్లలు పుట్టిన తొలి రోజుల్లో నీళ్లు 36 డిగ్రీల దాకా వేడెక్కితే మగవాటి వాటా పెరుగుతుంది. ఎండ కూడా లింగాన్ని కొంత శాసిస్తుందన్నమాట. దాని మీదే ఆధారపడి వ్యాపారం చేయడం మాత్రం జూదమే.

వంగడం సంగతి వచ్చినప్పుడు ఒక బాపట్ల మనిషిని తలుచుకోవాలి. మోదడుగు విజయ్ గుప్తా 1939లో బాపట్లలో పుట్టారు. బంగ్లాదేశ్‌లో ఏడాదికి కొన్ని నెలలే నీళ్లుండే రోడ్డు పక్క గుంటల్లో తిలాపియాలాంటి త్వరగా ఎదిగే చేపలు పెంచడం పేద కుటుంబాలకు, ముఖ్యంగా ఆడవాళ్లకు నేర్పారు. 2005లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నారు. ఆయన పనిచేసిన వరల్డ్‌ఫిష్ సంస్థే 1988లో ఫిలిప్పీన్స్‌లో ఆఫ్రికా నుంచి తెచ్చిన నైలు తిలాపియాలను, ఆసియాలో అప్పటికే ఉన్నవాటిని కలిపి, తరం తరానికి బాగా ఎదిగినవాటినే ఎంచి, గిఫ్ట్ అనే వంగడాన్ని తీర్చిదిద్దే పని మొదలుపెట్టింది. ఆ వంగడం తర్వాత విజయవాడ దగ్గరి మానికొండలో రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రానికీ చేరింది. కువైట్‌లోనూ మెరుగుపరిచిన వంగడాల్ని మామూలు వంగడంతో పోల్చి చూశారు. 2006లో వెలువడిన అక్కడి అధ్యయనం ఒకటి మూడు వంగడాల నైలు తిలాపియాను రెండు రకాల సాంద్రతల్లో పెంచి ఎదుగుదలను కొలిచింది. వంగడం ఎంత మంచిదైనా ఎన్ని చేపలు వేశామన్నది విడిగా చూడాల్సిందేనని ఆ ప్రయోగం రూపమే చెబుతుంది.

ఆ పరిశోధనల వెనకున్న కువైట్ శాస్త్ర పరిశోధనా సంస్థ చరిత్ర కూడా ఈ ప్రాంతంతో ముడిపడి ఉంది. తటస్థ మండలం తీరంలో చమురు తీసిన జపాన్ వారి అరేబియన్ ఆయిల్ కంపెనీ తన ఒప్పందంలో భాగంగా 1967లో దాన్ని స్థాపించింది. మొదట ఇచ్చిన పనులు మూడు: పెట్రోలియం, ఎడారి వ్యవసాయం, సముద్ర జీవశాస్త్రం. చేపల తొట్టి ఆ చివరి రెండింటి మధ్య పడింది. ఆ సంస్థ ఎంచుకున్న చేపల్లో ఒకటి తూర్పు ఆఫ్రికా నదులకు చెందిన స్పిలురస్ తిలాపియా. అది సముద్రపు ఉప్పునూ తట్టుకుంటుంది.

ఉప్పు ఇక్కడ పక్కకు పెట్టే విషయం కాదు. వఫ్రా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. లీటరుకు 5 గ్రాముల ఉప్పున్న నీళ్లు బిర్కాలో పోసి, కొత్త నీళ్లు కలపకుండా ఐదో వంతు ఎండకు ఆవిరి కానిస్తే, మిగిలిన నీటిలో ఉప్పు లీటరుకు 6.25 గ్రాములవుతుంది. పోయేది నీరే, ఉప్పు ఎక్కడికీ పోదు. నైలు తిలాపియా లీటరుకు 10, 15 గ్రాముల దాకా ఓర్చుకోగలదు, టమాటా మొక్క అంత ఓర్చుకోదు. అందుకే ఇక్కడ చేప కన్నా పంటే ముందు అలిసిపోతుంది. శుద్ధి చేసిన మురుగునీరు పైపుల్లో వఫ్రాకు వస్తున్నా, ఉప్పు భారం అంత తేలిగ్గా దిగేది కాదు.

లోతు బోరు నీటిలో ఇంకో లోపముంది: ఆక్సిజన్ దాదాపు సున్నా. కొన్నిచోట్ల కుళ్లిన గుడ్డు వాసన కూడా వస్తుంది. అలాంటి నీటిని పైపు నుంచి నేరుగా చేపల మీదికి వదలకూడదు. ఎత్తు నుంచి చిమ్మించి, గాలి తగిలించి, వాసన పోగొట్టి వదలాలి.

సహజ చెరువులో చేపకు ఆవాసమంటే నాచు, తుంగ, రాళ్లు, లోతు, నీడ. బిర్కాలో అవేవీ లేవు, నాలుగు గోడలే. ఇక్కడ ఆవాసమంటే నీటి గుణమే. అది గంట గంటకూ మారుతుంది. ఎండ ఉన్నంతసేపు నీటిలోని సూక్ష్మ శైవలాలు ఆక్సిజన్ తయారుచేస్తాయి. మధ్యాహ్నం రెండు మూడింటికి నీళ్లు ప్రాణవాయువుతో నిండి ఉంటాయి. పొద్దు గుంకాక అదే శైవలం ఊపిరి పీల్చడం మొదలుపెడుతుంది. చేపా పీలుస్తుంది, అడుగున పేరుకున్న రెట్టను కుళ్లబెట్టే సూక్ష్మజీవులూ పీలుస్తాయి. తెల్లవారుజామున నాలుగైదు గంటలకు ఆక్సిజన్ అడుగంటుతుంది. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయంటే లెక్క తప్పిందని అర్థం. భీమవరం, కైకలూరు వైపు రైతులు ఏరియేటర్లు అర్ధరాత్రి దాటాక తిప్పేది ఇందుకే. వేసవిలో హుస్సేన్‌సాగర్‌లో చచ్చిన చేపలు తేలాయన్న వార్తలకూ చాలాసార్లు కారణం ఇదే: మురుగుతో పెరిగిన శైవలం, ఉక్క, గాలి లేని రాత్రి.

వేడి ఈ ఇబ్బందిని రెట్టింపు చేస్తుంది. 15 డిగ్రీల మంచినీరు లీటరుకు 10 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు, 35 డిగ్రీలకు 7కి దిగిపోతుంది. అదే సమయంలో చేప ఒంట్లో జీవక్రియ వేగం పెరిగి ఎక్కువ గాలి అడుగుతుంది. కువైట్ ఉత్తరాన మిత్రిబాలో 2016 జులై 21న గాలి ఉష్ణోగ్రత 53.9 డిగ్రీలకు చేరింది. ప్రపంచ వాతావరణ సంస్థ ఆ కొలతను ఖరారు చేసింది. నీళ్లు అంత వేడెక్కవు, కానీ లోతు తక్కువ ఉన్న తొట్టి తిలాపియా కలతపడేంత వేడెక్కుతుంది. అప్పుడు దాణా తగ్గించడమే తెలివి. చేప తినడం లేదని ఇంకా కుమ్మరించేవాళ్లే నష్టపోతారు.

నీడవల కడితే చల్లబడుతుంది, నాచు తగ్గుతుంది. నాచు తగ్గితే పగటిపూట ఆక్సిజనూ తగ్గుతుంది, తిలాపియాకు ఉచితంగా దొరికే తిండీ తగ్గుతుంది. ఎంత పచ్చదనం మంచిదో చూడడానికి 1865 నాటి ఉపాయం ఇప్పటికీ చాలు. ఇటలీకి చెందిన మతగురువు, ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆంజెలో సెక్కి మధ్యధరా సముద్రంలో ఓడ మీదినుంచి తెల్లటి పళ్లేన్ని తాడుకు కట్టి దించి, ఎంత లోతుకు కనబడకుండా పోతుందో చూశాడు. పెంపకపు చెరువులో అది జానెడు దాటి, మూరెడు లోపు మాయమైతే పచ్చదనం సరిపోయినట్టే. జానెడుకు ముందే మాయమైతే ఆ రాత్రి కాపలా ఉండాల్సిందే.

అమ్మోనియా కంటికి కనబడని శత్రువు. చేప మొప్పల నుంచే అది బయటికి వస్తుంది. నీటిలో అది రెండు రూపాల్లో ఉంటుంది, అందులో ఒకటే విషం. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపం దాదాపు ఒక శాతం. పీహెచ్ 8కి అది ఏడెనిమిది శాతం, 9కి నలభై శాతం పైమాటే. పచ్చగా ఉన్న బిర్కాలో శైవలం కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకోవడం వల్ల సాయంత్రానికి పీహెచ్ పెరుగుతుంది. అంటే ఆక్సిజన్ దండిగా ఉన్న వేళే అమ్మోనియా కాటు వేస్తుంది, ఆక్సిజన్ లేని వేళ అది కాస్త శాంతిస్తుంది. చేపకు రోజంతా తీరిక లేదు.

కిక్కిరిసిన చేపలకు రోగం ఎలా అంటుకుంటుందో కువైట్‌కు బాగా తెలుసు. 2001 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కువైట్ అఖాతంలో 2,500 టన్నులకు పైగా కత్తిపరిగలాంటి మల్లెట్ చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. తేలిన కారణం స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే అనే బ్యాక్టీరియా. అది సముద్రపు కథ, వేరే చేపలు. కానీ అదే బ్యాక్టీరియా ప్రపంచమంతటా తిలాపియా తొట్లనూ ఊడ్చేస్తుంది, వేడి నీటిలో, ఇరుకులో మరీను.

ఇక చలి. ఎడారి అంటే ఎప్పుడూ వేడే అనుకునేవాళ్లకు జనవరి వఫ్రా తెలియదు. రాత్రిళ్లు గజగజ వణికించే చలి పడుతుంది. నీళ్లు 15 డిగ్రీలకు దిగితే తిలాపియా తిండి మానేస్తుంది, 10, 11కి దిగితే చచ్చిపోతుంది. 1990లలో కువైట్ పరిశోధకులు స్పిలురస్ పిల్లల్ని భూగర్భంలోంచి తోడిన వెచ్చటి సముద్రపు నీటితో శీతాకాలం గట్టెక్కించే ప్రయోగాలు చేశారు. భూమి లోపలి నీరు ఎండాకాలంలోనూ, చలికాలంలోనూ దాదాపు ఒకే వేడిలో ఉంటుంది. పిల్లల తొట్టికి మాత్రం ఆ నీరు నడిపి, మిగతా బిర్కాలను చలికి ముందే ఖాళీ చేస్తే ఖర్చు కలిసొస్తుంది.

ఖాళీ చేసిన నీరు పొలానికి పోతుంది. ఇందులోనే ఈ ఏర్పాటు లాభం దాగుంది. 30 శాతం మాంసకృత్తులున్న దాణా 100 కిలోలు వేస్తే అందులో నత్రజని దాదాపు 4.8 కిలోలు. చేప ఒంటికి పట్టేది అందులో నాలుగో వంతో, మూడో వంతో. మిగతాదంతా నీటిలోకి, బురదలోకి. అమ్మోనియాగా చేపను చంపగలిగినదే మొక్కకు ఎరువు. బిర్కా నీళ్లు తరచూ పొలానికి వెళ్తుంటే ఉప్పు పేరుకోదు, అమ్మోనియా పేరుకోదు, ఎరువు ఖర్చూ కొంత తగ్గుతుంది. పంట నీళ్లు అడగని రోజుల్లోనే చేపకు ప్రమాదం. అందుకే మజ్రాలో నీళ్లు పెట్టే మనిషీ దాణా వేసే మనిషీ ఒకరే అయితే మంచిది.

బిర్కాను పూర్తిగా దించినప్పుడు వల లాగి పెద్ద చేపల్ని తీయడం సులువు. కష్టమంతా ఆ తర్వాతే. మూలల్లో, పైపు మూతి దగ్గర, గోడ పగుళ్లలో మిగిలిన జానెడు నీటిలో వేలి గోరంత పిల్లలు దాక్కుంటాయి. అడుగు బురద ఎత్తి, ఎండకు రెండు మూడు రోజులు పూర్తిగా ఆరబెట్టి, తడి ఉన్నచోట సున్నం చల్లితేనే అవి పోతాయి. లేకపోతే మార్చిలో కొత్తగా తెచ్చిన మగ పిల్లలతో పాటు అవీ దాణా తిని పెరుగుతాయి. వాటిలో ఆడవి కూడా ఉంటాయి.